సోమరి బూజు

మూడో ట్యాంకు మూత తీసిన దగ్గర కదా ఆగాం. మూడు రోజులు ఎంజైములో నానిన మొక్కజొన్న చొప్ప ఈపాటికి తేనెరంగు చక్కెరనీళ్ళు అయిపోయి ఉండాలి. ఆ నీళ్ళకి ఈస్టు కలిపితే ఇంధనం రావాలి. తీరా మూత తీస్తే ఏముంది, లోపలికి వెళ్ళిన చొప్ప వెళ్ళినట్టే, ఒక్క ఈనె కూడా కరగకుండా తేలుతూ కనిపించింది. వరసగా ఇది మూడో ట్యాంకు. ఇంకో ఇరవై రోజుల్లో ఇంధన కంపెనీ వాళ్ళు వచ్చి, చొప్ప చక్కెర కావడం కళ్ళారా చూసి, ఒప్పందం మీద సంతకం పెట్టాలి. ఇంత జరిగినా ఫ్యాక్టరీ నడిపే అత్తగారు అరవలేదు, తిట్టలేదు. "రేపు పదింటికి అందరూ ల్యాబులోకి రండి" అని మాత్రం అని వెళ్ళిపోయింది. ఆవిడ అరిస్తే ఫర్వాలేదనీ, అరవకపోతేనే ఎవరికో మూడిందనీ ఆ ఫ్యాక్టరీలో చొప్ప మోసేవాళ్ళకి కూడా తెలుసు.

పదికి పావుగంట ముందే పెద్దకోడలు ల్యాబులో ఉంది. ఉండక ఎక్కడికి పోతుంది. పన్నెండేళ్ళుగా తల్లిబూజు, అంటే ఎంజైము ఊరించే బూజుకి విత్తనం, ఆవిడ చేతిలోనే ఉంది. ఫ్యాక్టరీలో ఎన్ని డ్రమ్ముల ఎంజైము తయారైనా, అదంతా ఆ స్టాండులో నిలబెట్టిన నలభై గాజు ట్యూబుల్లోని బూజు పిల్లలదే. వారం వారం పాత ట్యూబులోంచి కొత్త ట్యూబులోకి, సూది మొనంత బూజు తీసి మార్చాలి. ఒక్క వారం తప్పలేదు. జ్వరం వచ్చినప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకుని వచ్చి మార్చింది. పుట్టింట్లో పెళ్ళయితే తాళి కట్టేదాకా ఉండి, భోజనానికి ఆగకుండా వచ్చేసింది. పిల్లలు కలగలేదని అత్తగారు ఎత్తిపొడిచినప్పుడల్లా ఈ గదిలోకి వచ్చి ట్యూబులు లెక్కపెట్టుకునేది. పనివాళ్ళు చాటుగా బూజమ్మ అనుకునేవారు. ఆ పేరు ఆవిడకి తెలుసు, కోపం కూడా లేదు.

అందరూ వచ్చారు. బాయిలరు ఆయన, చొప్ప యంత్రం దగ్గర పనిచేసే ఆడవాళ్ళు నలుగురు, ట్యాంకుల మేస్త్రీ గోడవారగా నిలబడ్డారు. పెద్దకొడుకు, అంటే పెద్దకోడలి మొగుడు, సింకు పక్కన నిలబడి గోళ్ళు చూసుకుంటున్నాడు. బూజుకి మేత వండే పని అతనిది. చిన్నకోడలు ఈ ఇంటికి వచ్చి ఎనిమిది నెలలే అయినా బూజుల మీద పెద్ద చదువు చదివి వచ్చింది, అందుకని పరీక్షలన్నీ ఆ పిల్లే చేస్తుంది. దాని మొగుడు, చిన్నకొడుకు, సరుకు పని మీద ఊళ్ళో లేడు. అత్తగారు మాత్రం ఎత్తు స్టూలు లాక్కుని కూర్చుని, "నిన్న రాత్రి చూసింది చదువు" అంది చిన్నకోడలితో.

చిన్నకోడలు పుస్తకం తెరిచింది. "మొదటి ట్యాంకు పోయినప్పుడే తల్లిబూజు ట్యూబులు నలభైలోంచీ తీసి పరీక్ష పెట్టానండీ. ఒక్కోదాంట్లో కాగితం ముక్క వేశాను. మంచి బూజైతే అయిదు రోజుల్లో కాగితం పేలికలై కరిగిపోవాలి. ముప్పై తొమ్మిదింట్లో కాగితం వేసింది వేసినట్టే ఉంది."

"నలభయ్యోది?"

"కొంచెం మెత్తబడింది."

"అర్థమయ్యేట్టు చెప్పు. వీళ్ళందరూ నీలా చదువుకోలేదు."

"బూజు పని చెయ్యడం మానేసిందండీ."

"ఎవరి బూజు?"

"మన..."

"ఎవరి చేతిలో ఉన్న బూజని అడుగుతున్నా."

చిన్నకోడలు పుస్తకంలో పేజీ తిప్పింది. అత్తగారు తొందరపెట్టలేదు. కళ్ళజోడు తీసి, చీర చెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. చివరికి ఆ పిల్లే తలవంచుకుని "అక్క చేతిలో" అంది.

పెద్దకోడలికి చెల్లెలి వరసైన చిన్నకోడలి మీద కోపం రాలేదు. ఆ పిల్లని పిండి పిండి అనిపించారని చూస్తూనే ఉంది.  ఈ బూజు సంగతి ఆవిడకి చదువు లేకుండానే తెలుసు. దీనికి తినడానికి కాగితం తప్ప ఇంకేమీ పెట్టకూడదు. కాగితాన్ని కరిగించుకుంటేనే దాని పొట్ట నిండాలి, కరిగించడానికే అది ఎంజైము ఊరుస్తుంది, ఆ ఎంజైమే చొప్పనీ కరిగిస్తుంది. చక్కెర ఎదురుగా పెట్టామా, ఇంకెందుకు ఊరుస్తుంది, హాయిగా కూర్చుని తింటుంది. కొన్ని నెలలు అలా మేపితే ఆ విద్యే మరిచిపోతుంది. కానీ చక్కెర ఎవరు పెట్టారు? తను పెట్టలేదు.

"అత్తయ్యా, మేత చూడమనండి" అంది. "వండిన ప్రతిసారీ ఒక ట్యూబు ఫ్రిజ్‌లో దాస్తాం కదా. అందులో చక్కెర ఉందేమో చూస్తే, తప్పు బూజుదో, నాదో, మేతదో తేలిపోతుంది."

అనేసి తలెత్తింది. పాపం, తన కోసమే గొయ్యి తవ్వుకుంటోందని ఆవిడకేం తెలుసు.

"చూడు" అంది అత్తగారు, చాలా తేలిగ్గా.

చిన్నకోడలు ఫ్రిజ్‌లోంచి ట్యూబు తీసి, గడ్డకట్టిన మేతని వేడినీళ్ళలో కరిగించింది. చక్కెర జబ్బువాళ్ళు వేలు పొడుచుకుని చూసుకునే చిన్న మీటరు ఉంటుందే, ట్యాంకుల్లో చక్కెర చూడ్డానికి ఆ ల్యాబులో కూడా అదే వాడతారు. దాని పట్టీ మీద ఒక చుక్క వేసింది. కాగితం మేత అయితే మీటరు అంకె చూపించకూడదు. చూపించింది. మూడు వందల పన్నెండు. చిన్నకోడలు నమ్మలేక, అంతకుముందు నెలది తీసి చూసింది. మూడు వందల నాలుగు. అంతకుముందుదీ అంతే. నాలుగు నెలల వెనక్కి వెళ్ళాక గానీ మీటరు ఖాళీ చూపించలేదు.

గోడవార నిలబడ్డవాళ్ళు గుసగుసలు మొదలుపెట్టారు. పెద్దకోడలికి ఒక్కసారిగా ఊపిరి ఆడింది. నాలుగు నెలల కిందట బూజు ఉన్నట్టుండి మఖమల్ పరిచినంత దట్టంగా, పచ్చగా ఎదగడం మొదలెట్టింది. ఎంత మురిసిపోయిందో తను. నా చెయ్యి చలవే అనుకుంది. వారం వారం అన్నిటిలోకీ పచ్చగా ఉన్న ట్యూబునే ఏరి, దాన్నే మార్చింది. అంటే అన్నిటిలోకీ సోమరిదాన్ని ఏరి ఏరి పెంచింది తనే. ఆ తప్పు మటుకు నాదే అని లోపల్లోపల ఒప్పుకుంది. చక్కెర మాత్రం తనది కాదు.

"మేత ఎవరు వండుతారు?" అంది అత్తగారు.

అందరూ పెద్దకొడుకు వైపు చూశారు. అతను గోళ్ళు చూసుకోవడం మానలేదు.

"ఏరా పెద్దోడా, నిన్నే. చక్కెర వేశావా?"

"వేశానమ్మా. గ్లూకోజు పొడి, లీటరుకి చెంచాడు."

"ఎవరు వెయ్యమన్నారు?"

 తల్లి మొహం చూశాడు. పెళ్ళాం మొహం చూడలేదు. "ఇదే" అన్నాడు. "బూజు పల్చగా ఉంది, బాగా ఎదగాలి, కాస్త వెయ్యండి అని ఇదే చెప్పింది."

పెద్దకోడలు చప్పున మొగుడి వైపు తిరిగింది. అబద్ధమని అరవాలనుకుంది. అరిచినా, మొగుడు చెప్పాక పెళ్ళాం మాట ఎవరు వింటారు? గోడవార ఉన్న ఆడవాళ్ళ కళ్ళలో జాలి కనిపించింది. అది తిట్టుకన్నా ఎక్కువ బాధపెట్టింది. "నేను చెప్పలేదు" అంది, ఆ మాట తనకే సరిగా వినిపించలేదు.

"చెప్పలేదట" అంది అత్తగారు అందరికీ. "వాడికి కలొచ్చింది కాబోలు. సరే, జరిగిందేదో జరిగింది. చచ్చిన పీనుగుల్ని ఇంట్లో పెట్టుకోలేం కదా. ఆ స్టాండు తీసుకురా. ఒక్కో ట్యూబూ తీసి, దాని మీద ఉన్న తారీఖు అందరికీ వినపడేట్టు చదివి, ఆటోక్లేవులో వెయ్యి. నీ చేత్తోనే."

ఆటోక్లేవ్ అంటే నడుమెత్తు ఉండే ఆవిరి కుక్కరు, అందులో పడ్డ బూజు బతకదు. చిన్నకోడలు "నేను వేస్తానండీ" అని ముందుకొచ్చింది. "నీ పని నువ్వు చూసుకో" అని అత్తగారు దాన్ని కూర్చోబెట్టింది.

నలభై తారీఖులు చదివింది పెద్దకోడలు. పదో ట్యూబు దగ్గర గొంతు తగ్గితే "వినపడలేదు, మళ్ళీ చదువు" అంది అత్తగారు. పద్దెనిమిదో ట్యూబు దగ్గర బాయిలరు ఆయన బయటికి వెళ్ళబోయాడు. "ఎక్కడికి? ఉండు" అంది. మళ్ళీ వచ్చి నిలబడ్డాడు. నలభయ్యోది వేసి మూత బిగించేటప్పటికి పెద్దకోడలి రెండు చేతులూ వణికిపోతున్నాయి. మొగుడు గుడ్డ తీసుకుని, శుభ్రంగానే ఉన్న సింకుని తుడుస్తున్నాడు.

మూత బిగుసుకున్నాక అడిగింది చిన్నకోడలు, మెల్లిగా. "అక్కా, మామగారి కాలం నాటిది ఎక్కడైనా ఒక్కటి మిగిలిందా? పాడవక ముందుది. అది ఉంటే మళ్ళీ పెంచొచ్చు. ఇరవై రోజులు సరిపోతాయి. లేకపోతే ఫ్యాక్టరీ మూసుకోవడమే."

ఉంది. బతికున్నప్పుడు మామగారు నేర్పిన విద్య అది. శుభ్రం చేసిన పొడి ఇసుకలో బూజు గింజల్ని కలిపి, గాజు ట్యూబులో పోసి సీలు వేస్తే, ఏళ్ళకేళ్ళు నిద్రపోతుంది. ఎనిమిదేళ్ళ కిందట ఆయన దగ్గర కూర్చుని మూడు ట్యూబులు చేసింది. రెండు అప్పుడే వాడేశారు. మూడోది లోపలి గదిలో, ఇనప బీరువా కింది అరలో, దూదిలో చుట్టి ఉంది. ఆ సంగతి ఆవిడకి తప్ప ఎవరికీ తెలియదు.

"ఉంది" అంది పెద్దకోడలు.

అత్తగారి మొహంలో రంగు మారింది. అరక్షణమే. "ఏరా, నువ్వూ వెళ్ళి పట్టుకురా. దాని చేతులు వణుకుతున్నాయి, పగలగొట్టుకుంటుంది" అంది కొడుకుతో.

లోపలి గదిలో ఇద్దరే. పెద్దకోడలు బీరువా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది గానీ తలుపు తియ్యలేదు.

"ఎందుకన్నారు అలా?"

"గొడవ చెయ్యకు."

"నేను ఎప్పుడు చెప్పాను మీకు చక్కెర వెయ్యమని?"

అతను తలుపు వైపు చూసి, గొంతు తగ్గించాడు. "అమ్మ చెప్పింది. ఫొటోలు తీసి కంపెనీ వాళ్ళకి పంపాం చూడు, అప్పుడు. ఇదేం బూజురా, దుమ్ము పట్టినట్టుంది, చూసినవాళ్ళు నవ్వుతారు, కాస్త చక్కెర తగిలించు అంది. ఫొటోలయ్యాక ఆపమని చెప్పలేదు. నేనూ ఆపలేదు."

"మరి ఆ మాటే అక్కడ చెప్పచ్చుగా."

"అంతమంది ముందు అమ్మ పేరు ఎలా చెప్తానే? రేపటినుంచి ఆవిడ మాట ఎవడు వింటాడు? నీ పేరైతే ఏముంది, ఇంట్లో మనం మనం సర్దుకుంటాం."

చాలా మామూలుగా అన్నాడు. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పే గొంతుతో. పదిహేనేళ్ళ కాపురంలో ఈ మనిషి తనని ఏ లెక్కలో ఉంచుకున్నాడో పెద్దకోడలికి ఇప్పుడు తెలిసింది. ఏడుపు రాలేదు.  బీరువా తీసి, దూది విప్పి, ట్యూబుని పిడికిట్లో పట్టుకుని లేచింది.

ల్యాబులోకి వచ్చి సరాసరి బల్ల దగ్గరికి నడిచింది. సూదులు కాల్చడానికి వాడే స్పిరిట్ దీపం వెలిగించింది. ట్యూబుని మంటకి జానెడు దూరంలో పట్టుకుంది.

"అందరూ ఇక్కడే ఉండండి" అంది. ఇప్పుడు గొంతు బాగానే వచ్చింది. "బూజు గింజలు ఇందులో ఉన్నాయి. ఇది పోతే ఇంకోటి లేదు. అత్తయ్యా, మేతలో చక్కెర వెయ్యమన్నది ఎవరో మీరు చెప్పండి. వీళ్ళందరి ముందూ చెప్పండి. ట్యూబు ఇచ్చేస్తాను. లేకపోతే కాల్చేస్తాను."

మేస్త్రీ నోరు తెరుచుకుని చూశాడు. చొప్ప ఆడవాళ్ళు ఒకళ్ళ చేతులు ఒకళ్ళు పట్టుకున్నారు. ఆ ట్యూబు కాలితే వాళ్ళ కూడూ కాలుతుంది మరి. పెద్దకొడుకు "ఏయ్" అని ఒకడుగు వేసి, తల్లి చెయ్యి అడ్డం పెడితే ఆగిపోయాడు.

అత్తగారు స్టూలు మీంచి లేవనైనా లేదు. "కాల్చు" అంది.

పెద్దకోడలు విన్నది సరిగానే విందా అని చూసింది.

"కాల్చమంటున్నా. ఫ్యాక్టరీ మూసేస్తాను. నలభై ఏళ్ళు నడిపాను, చాలు. ఇంటికి పోయి కాళ్ళు చాపుకుని కూర్చుంటాను. నువ్వేం చేస్తావు? నీకు ఇది తప్ప ఏముంది? కడుపు పండలేదు. చదువు లేదు. మొగుడు ఎవరి పక్కనున్నాడో ఇందాకే చూశావు. ఊ, కానియ్. మంట బాగానే ఉంది."

ట్యూబు కదల్లేదు. మంటలోకీ పోలేదు, వెనక్కీ రాలేదు. పెద్దకోడలు చేతిని ముందుకు తోద్దామని చూసింది. నిజంగానే చూసింది. కానీ గాజు లోపల, తెల్లటి ఇసుకలో ఆకుపచ్చటి నలక కనిపిస్తోంది. ఎనిమిదేళ్ళ కిందట తన చేత్తోనే పోసింది. పన్నెండేళ్ళలో ఈ గదిలో తనని ఒక్క మాట అనకుండా తనకోసం బతికింది అదొక్కటే.  కళ్ళలోంచి నీళ్ళు బల్ల మీద పడ్డాయి. ఆవిడ ఓడిపోయిందని అందరికీ తెలిసిపోయింది.

అప్పుడు లేచింది అత్తగారు. నింపాదిగా వచ్చి, దీపం ఊది ఆర్పి, పిడికిలి విడదీసి ట్యూబు తీసుకుంది. దాన్ని చిన్నకోడలి చేతిలో పెట్టింది. "ఇవాళ్టినుంచి తల్లిబూజు నీది" అంది. తర్వాత పెద్దకోడలి వైపు తిరిగి, "ఆ తెల్లకోటు విప్పి అక్కడ పెట్టు. చొప్ప యంత్రం దగ్గర ఒక మనిషి తక్కువగా ఉంది. దుమ్ముకి మూతికి గుడ్డ కట్టుకో, దగ్గొస్తే నన్నంటావు మళ్ళీ" అంది.

చొప్ప ఆడవాళ్ళు ముందు వెళ్ళిపోయారు. వాళ్ళ వెనకాల నడవాలోకి వచ్చిన పెద్దకోడలు నాలుగడుగులు వేసి గోడ పట్టుకుంది. లోపల మొగుడు తల్లికి మంచినీళ్ళు ఇవ్వడం గాజు తలుపులోంచి కనిపిస్తోంది. ఆవిడ తాగి గ్లాసు అతనికే ఇచ్చింది. అతను దాన్ని కడగడానికి సింకు దగ్గరికి వెళ్ళాడు.

తలుపు తోసుకుని చిన్నకోడలు పరుగున వచ్చింది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. "అక్కా, నువ్వు చెయ్యలేదని నాకు తెలుసు. ఎవరు చేశారో కూడా తెలుస్తోంది. నేనేం చెయ్యగలనో చూస్తాను. ముందు బూజు లేవనీ, అందరి కోపాలూ చల్లారతాయి, అప్పుడు అత్తయ్యతో మాట్లాడి నిన్ను మళ్ళీ లోపలికి తెచ్చే పూచీ నాది." గుక్క తిప్పుకుని, పిడికిట్లో ఉన్న ట్యూబు చూపించింది. "కానీ నాకు భయంగా ఉంది. ఇసుకలో దాచినదాన్ని నేనెప్పుడూ లేపలేదు. ఒక్కటే ఉంది, ఒక్కసారే తెరవగలం. మామగారు నీకు నేర్పారు కదా. ఎలా లేపాలో చెప్పు."

పెద్దకోడలికి బాగా తెలుసు. గదిలో ఉండే మామూలు చల్లదనంతో, మరిగించి చల్లార్చిన నీళ్ళు నాలుగు చుక్కలు వెయ్యాలి. గంటసేపు ముట్టుకోకూడదు. ఆ తర్వాత తడి కాగితం మీద పొయ్యాలి. వేడి మాత్రం తగలనివ్వకూడదు, వేడి తగిలిందా ఇక లేవదు. మామగారు ఈ మాట మూడుసార్లు చెప్పించుకుని మరీ నేర్పారు.

చెల్లెలి మొహం చూసింది. ఈ ఇంట్లో తనని మనిషిగా చూసింది ఈ పిల్ల ఒక్కతే. గాజు తలుపు వెనక అత్తగారు ఎవరికో ఫోన్ చేసి నవ్వుతూ మాట్లాడుతోంది.

"అరవై డిగ్రీల నీళ్ళు పొయ్యి" అంది పెద్దకోడలు.

"అరవయ్యా? చచ్చిపోదూ?"

"ఎనిమిదేళ్ళ నిద్ర తల్లీ. చల్లటి నీళ్ళకి లేస్తుందా?"

చిన్నకోడలు ట్యూబుని వెలుతురుకి ఎత్తి చూసింది. "నిజమే, కొన్ని బూజు గింజల్ని అలా వేడి తగిలించే లేపుతారని చదివాను" అంది. జేబులోంచి చిన్న పుస్తకం తీసి, గోడకి ఆనించుకుని రాసుకుంది. "ఎంతసేపు?"

"అరగంట."

"ఇంకేమైనా జాగ్రత్తలున్నాయా అక్కా?"

"ఏం లేవు. నువ్వే స్వయంగా చెయ్యి. ఇంకెవరి చేతికీ ఇవ్వకు."

చిన్నకోడలు ఆవిడ చెయ్యి గట్టిగా నొక్కి లోపలికి వెళ్ళింది. ట్యూబుని స్టాండులో జాగ్రత్తగా నిలబెట్టి, వేడినీళ్ళ తొట్టి మీద అంకెని అరవైకి తిప్పి స్విచ్చి వేసింది.